రిజిస్ట్రీలో ఒక్క అంకె మార్చే ముందు

ప్రశ్న: మాది జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఈమధ్య ఏదో ఆఫీసులో వాడి తీసేసిన కంప్యూటర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. విండోస్ 11 ఉంది. అంతా బాగానే ఉంది కానీ పెన్‌డ్రైవ్ పెడితే ఏమీ రావడం లేదు. ఎన్ని పెన్‌డ్రైవ్‌లు మార్చినా అంతే. ప్రింటర్ పనిచేస్తోంది, ఫోన్‌ను కేబుల్‌తో కలిపితే ఫొటోలు కనిపిస్తున్నాయి. యూట్యూబ్‌లో చూస్తే రిజిస్ట్రీలో ఒక నంబరు మార్చాలన్నారు. వీడియో కింద ఒక ఫైలు కూడా ఇచ్చారు, దాన్ని డబుల్ క్లిక్ చేస్తే చాలట. రిజిస్ట్రీ ముట్టుకుంటే కంప్యూటర్ మళ్లీ ఆన్ కాదని మా తమ్ముడు భయపెడుతున్నాడు. సర్టిఫికెట్లు, ఫొటోలు అన్నీ జనం పెన్‌డ్రైవ్‌లోనే తెస్తారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? అలాగే రిజిస్ట్రీ క్లీనర్ వేస్తే స్పీడ్ పెరుగుతుందా?

జవాబు: అమ్మా, ఆ వీడియో కింద ఇచ్చిన ఫైలును మాత్రం డబుల్ క్లిక్ చేయకండి. ఇప్పటికే డౌన్‌లోడ్ చేసి ఉంటే అలాగే ఉండనివ్వండి, దాని సంగతి తర్వాత చెబుతాను. నంబరు మార్చడం మీరు సొంతంగా చేసుకోగల పనే. మార్చాల్సింది ఒకే ఒక్క అంకె. అయితే తేడా వస్తే వెనక్కి ఎలా రావాలో ముందే సిద్ధం చేసుకోవాలి. వీడియోలు చేసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది దాన్నే, అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మీ సెంటర్‌కు పాత పహాణీ నకళ్లు పట్టుకుని జిరాక్స్ కోసం వచ్చేవాళ్లు ఉంటారు కదా. రిజిస్ట్రీ కంప్యూటర్‌కు అలాంటి రికార్డు. ఏ డ్రైవర్ (ఒక పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాం) నడవాలి, ఏది ఆగాలి, ఏ ఫైలు ఏ ప్రోగ్రాంలో తెరుచుకోవాలి అన్నీ అందులోనే రాసి ఉంటాయి. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పితే ఇంకొకరి పొలం రికార్డు మారుతుంది. ఇక్కడ ఒక్క వరుస కిందికి జారితే ఇంకో డ్రైవర్ రికార్డు మారుతుంది. ఒకప్పుడు ఒక్కో ప్రోగ్రాం తన సెట్టింగులు తన సొంత టెక్స్ట్ ఫైలులో రాసుకునేది. 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలైన రిజిస్ట్రీ, విండోస్ 95 వచ్చేసరికి వాటన్నిటినీ ఒకేచోటికి చేర్చింది. అన్నీ ఒకచోట ఉండడం సౌకర్యమే. అక్కడ తప్పు చేస్తే దెబ్బ పెద్దదిగా ఉండడానికి కారణం కూడా అదే.

రిజిస్ట్రీ ఎడిటర్‌లో సేవ్ బటన్ ఉండదు. కంట్రోల్ జెడ్ పనిచేయదు. ఓకే నొక్కగానే అంకె మారిపోతుంది. ఇలా మారిస్తే రేపు కంప్యూటర్ లేవదని అది హెచ్చరించదు. మీ తమ్ముడి భయంలో నిజం ఉన్నది అంతవరకే. తెరిచి చూసినంత మాత్రాన ఏమీ కాదు.

ముందు మీ జబ్బు ఇదేనా అన్నది తేల్చుకుందాం. ఫోన్ కనిపిస్తోంది, ప్రింటర్ నడుస్తోంది అన్నారు. అంటే పోర్టులు బాగున్నాయి. ఫోన్ ఒక డ్రైవర్ ద్వారా, పెన్‌డ్రైవ్ ఇంకో డ్రైవర్ ద్వారా మాట్లాడతాయి. పెన్‌డ్రైవ్‌లను చూసుకునే ఆ రెండోదాన్ని ఆఫీసుల్లో కావాలనే ఆపేస్తుంటారు. ఫైళ్లు బయటికి పోకూడదని ఒక కారణం, పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్‌లు లోపలికి రాకూడదని ఇంకో కారణం. 2008లో బయటపడిన కాన్‌ఫికర్ అనే వైరస్ ప్రపంచమంతా పాకిన దారుల్లో పెన్‌డ్రైవ్ కూడా ఒకటి.

పెన్‌డ్రైవ్ పెట్టి ఉంచి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైజ్ మేనేజర్ తెరవండి. యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డివైజ్ పక్కన పసుపు గుర్తు ఉందేమో చూడండి. ఉంటే దాని మీద డబుల్ క్లిక్ చేసి జనరల్ ట్యాబ్‌లో డివైజ్ స్టేటస్ చదవండి. చివర కోడ్ 32 అని ఉంటే, ఆ డ్రైవర్‌ను రిజిస్ట్రీలో ఆపేశారని విండోస్ చెబుతున్నట్టే. అప్పుడే నేను కింద చెప్పేది మీకు పనికొస్తుంది. వేరే కోడ్ ఉంటే రిజిస్ట్రీ జోలికి వెళ్లకండి.

అలా కాకుండా డ్రైవ్ లెటర్ (పెన్‌డ్రైవ్‌కు విండోస్ ఇచ్చే ఈ, ఎఫ్ లాంటి అక్షరం) కనిపించి, తెరవబోతే యాక్సెస్ ఈజ్ డినైడ్ అని వస్తుంటే కథ వేరు. అది ఆ ఆఫీసు పెట్టిన పాలసీ కావచ్చు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి, యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ అన్నచోట పాత కంపెనీ అకౌంట్ ఇంకా అంటుకుని ఉందేమో చూడండి. ఉంటే రిజిస్ట్రీలో వెతుక్కోవడం దండగ. నిజానికి ఆఫీసు నుంచి వచ్చిన ఏ సెకండ్ హ్యాండ్ కంప్యూటర్‌నైనా కొన్న రోజే పూర్తిగా రీసెట్ చేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. వాళ్లు ఇంకా ఏమేం ఆపి పెట్టారో, ఏమేం వదిలి వెళ్లారో మనకు తెలియదు. రీసెట్ చేశాక పాత కంపెనీ లాగిన్ అడిగితే, దాన్ని తీయించే బాధ్యత అమ్మినవాళ్లదే. మీరు ఇంకా తెలుగు ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు ఏవీ వేసుకోకపోతే ఇప్పుడైనా ఆ పని చేయండి, రిజిస్ట్రీ గొడవే ఉండదు. అన్నీ వేసుకుని పని మొదలుపెట్టేశారంటే, ఇక్కడి నుంచి చదవండి.

మొదట మీ కస్టమర్ల ఫైళ్లు, మీ లెక్కలు గూగుల్ డ్రైవ్‌లోకో, కేబుల్‌తో ఫోన్‌లోకో కాపీ చేయండి.

తర్వాత రీస్టోర్ పాయింట్, అంటే తేడా వస్తే తిరిగి వెళ్లడానికి విండోస్ ఇప్పటి సెట్టింగులను దాచిపెట్టుకోవడం. స్టార్ట్‌లో క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్ అని వెతికితే సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్ తెరుచుకుంటుంది. అక్కడ సి డ్రైవ్ ఎదురుగా ఆఫ్ అని ఉండొచ్చు, చాలా కంప్యూటర్లలో అలాగే ఉంటుంది. కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేసి, దానికి డిస్కులో కొంచెం చోటు ఇచ్చి, బయటికి వచ్చి క్రియేట్ నొక్కండి. గుర్తుండే పేరు పెట్టండి. ఎప్పుడైనా ఆ పాయింట్‌కు వెనక్కి వెళితే మీ డాక్యుమెంట్లు, ఫొటోలు అలాగే ఉంటాయి. దాని తర్వాత వేసిన ప్రోగ్రాంలు మాత్రం పోతాయి. విండోస్ తనంతట తానే రిజిస్ట్రీ కాపీ దాచుకుంటుంది, రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది అని కొన్ని వీడియోల్లో చెబుతారు. ఒకప్పుడు నిజమే. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి విండోస్ ఆ అలవాటు మానేసింది. ఇప్పుడు అక్కడ ఫైళ్లు కనిపించినా సైజు సున్నా ఉంటుంది. దాన్ని నమ్ముకుని ఈ మెట్టు దాటేయకండి.

ఇంకొకటి, దీన్ని దాదాపు ఎవరూ చెప్పరు. కంప్యూటర్ లేవకపోతే రికవరీ స్క్రీన్‌లోకి వెళ్లాలి. డిస్కులో ఉన్నదంతా తాళం వేసినట్టు దాచే బిట్‌లాకర్ గానీ డివైజ్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే, ఆ స్క్రీన్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే రీస్టోర్ పాయింట్ ఉండి కూడా అందదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద చూడండి, స్టార్ట్‌లో మేనేజ్ బిట్‌లాకర్ అని కూడా వెతకండి. ఆన్‌లో ఉంటే, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అయి ఆ కీ అక్కడ ఉందో లేదో కళ్లతో చూసుకుని, కాగితం మీద రాసి దాచండి. మీది పాత ఆఫీసు కంప్యూటర్ కాబట్టి ఆ కీ వాళ్ల దగ్గరే ఉండిపోయి ఉండొచ్చు. అలాగైతే బిట్‌లాకర్ ఆపి, డిస్కు పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా, అంటే ఆ తాళం మొత్తం తీసేదాకా ఆగండి.

ఇప్పుడు ఎడిటర్ తెరుద్దాం. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన బాక్సులో రెగ్‌ఎడిట్ అని ఇంగ్లిష్‌లో ఖాళీ లేకుండా టైప్ చేయండి. తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి, లేకపోతే అక్షరాలు వేరే పడతాయి. అనుమతి అడిగితే యస్ నొక్కండి. అడ్మినిస్ట్రేటర్ దీన్ని ఆపేశారు అని మెసేజ్ వస్తే మాత్రం అక్కడితో ఆపండి. అది ఆఫీసు పాలసీ మిగిలి ఉన్నందుకు గానీ, వైరస్ ఉన్నందుకు గానీ వస్తుంది. రెండింటికీ మందు ఇందాక చెప్పిన రీసెట్టే.

ఎడమవైపు 5 పెద్ద ఫోల్డర్లు కనిపిస్తాయి. మనకు కావలసినవి రెండే. కరెంట్ యూజర్‌లో మార్చేది మీ లాగిన్‌కు మాత్రమే తగులుతుంది. లోకల్ మెషీన్‌లో మార్చేది కంప్యూటర్ మొత్తానికి తగులుతుంది, కంప్యూటర్ లేవడం లేవకపోవడం ఎక్కువగా అక్కడే ఆధారపడి ఉంటుంది. మీరు మార్చాల్సింది రెండోదానిలో ఉంది. అందుకే ముందు మొదటిదానిలో ఒకసారి చెయ్యి అలవాటు చేసుకోండి.

కరెంట్ యూజర్ కింద కంట్రోల్ ప్యానెల్, దాని కింద డెస్క్‌టాప్. కుడివైపు మెనూ షో డిలే అనే పేరు ఉంటుంది, దానికి ఎదురుగా 400. మెనూ తెరుచుకునే ముందు ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో చెప్పే అంకె అది. ఎడమవైపు డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ నొక్కండి. కింద సెలెక్టెడ్ బ్రాంచ్ అన్నదే ఎంచుకుని ఉందని చూసుకుని, తేదీతో పేరు పెట్టి సేవ్ చేయండి. ఇప్పుడు 400ను 200 చేయండి. తర్వాత ఆ సేవ్ చేసిన ఫైలును డబుల్ క్లిక్ చేసి యస్ అనండి. ఎడిటర్‌లో ఎఫ్5 నొక్కి చూస్తే మళ్లీ 400 కనిపిస్తుంది. వెనక్కి రావడం ఎలా ఉంటుందో మీ చేత్తో మీరు చేసి చూశాక సగం టెన్షన్ పోతుంది.

ఎక్స్‌పోర్ట్ ఫైలుకు ఒక పరిమితి ఉంది. అది పాత అంకెలను తిరిగి రాస్తుంది, పోయినవాటిని తిరిగి తెస్తుంది. మధ్యలో మీరు కొత్తగా చేర్చినదాన్ని మాత్రం తీసేయదు. అంటే ఎక్కడైనా కొత్త పేరు సృష్టించమని చెబితే, ఆ పేరును కాగితం మీద రాసుకోవాలి, తర్వాత చేత్తో తీసేయాలి. మీ పనిలో కొత్తగా చేర్చేది ఏమీ లేదు కాబట్టి ఆ ఇబ్బంది రాదు.

ఇప్పుడు అసలు పని. లోకల్ మెషీన్ పక్కన బాణం నొక్కండి. దాని కింద సిస్టమ్, దాని కింద కరెంట్ కంట్రోల్ సెట్, దాని కింద సర్వీసెస్. ఇక్కడ పెద్ద జాబితా తెరుచుకుంటుంది. యూ అక్షరం దగ్గరికి దిగితే యూఎస్‌బీతో మొదలయ్యే పేర్లు వరసగా ఉంటాయి. మీకు కావలసింది యూఎస్‌బీస్టోర్, అంటే యూఎస్‌బీ తర్వాత ఎస్, టీ, ఓ, ఆర్ అంతే, చివర ఈ అనే ఇంగ్లిష్ అక్షరం ఉండదు.

ఇక్కడ నెమ్మదిగా ఉండండి. ఆ దగ్గర్లోనే యూఎస్‌బీప్రింట్ ఉంటుంది, మీ ప్రింటర్ నడిచేది దానితో. ఇంకొంచెం కిందికి దిగితే యూఎస్‌బీఎక్స్‌హెచ్‌సీఐ ఉంటుంది. ఈ కాలం కంప్యూటర్లలో యూఎస్‌బీ పోర్టులన్నీ దాని చేతిలోనే ఉంటాయి. పొరపాటున దాన్ని ఆపేస్తే పెన్‌డ్రైవ్ సంగతి అటుంచి, కీబోర్డు, మౌస్ కూడా ఆగిపోతాయి. ఇదే జాబితాలో డిస్కును చూసుకునే డ్రైవర్లు కూడా ఉన్నాయి. వాటిని ఆపితే విండోస్ నీలం తెర దగ్గరే ఆగిపోతుంది. వీటన్నిటి లోపలా స్టార్ట్ అనే అదే పేరు, అవే అంకెలు ఉంటాయి. 0, 1 అంటే కంప్యూటర్ లేచే దశలోనే మొదలవ్వాలి, 2 అంటే తనంతట తాను మొదలవ్వాలి, 3 అంటే అవసరం వచ్చినప్పుడు, 4 అంటే పూర్తిగా ఆపేశారు. అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే పైన అడ్రస్ బార్‌లో మొత్తం దారి చదివి, చివరి పేరు యూఎస్‌బీస్టోర్ అని రూఢి చేసుకోవాలి.

దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును ఫోన్‌లోకి కూడా పంపండి. కుడివైపు స్టార్ట్ ఎదురుగా ఏముందో చూడండి. 4 ఉంటే ఆ తెరను ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. తర్వాత స్టార్ట్ మీద డబుల్ క్లిక్ చేసి, 4 తీసి 3 పెట్టి ఓకే నొక్కండి. అంతకుమించి అక్కడ ఏదీ మార్చకండి, ఏదీ డిలీట్ చేయకండి. ముందే 3 ఉంటే ఏమీ మార్చకుండా బయటికి వచ్చేయండి. మార్చనివ్వకుండా విండోస్ అడ్డుపడితే, పర్మిషన్లు మార్చుకుని బలవంతంగా చొరబడమని కొందరు చెబుతారు. అలా చేయవద్దు. ఎడిటర్ మూసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి పెన్‌డ్రైవ్ పెట్టండి. కోడ్ 32 ఒక్కటే కారణమైతే డ్రైవ్ లెటర్ వచ్చేస్తుంది.

చెయ్యి తప్పి వేరేది మారిపోయిందనుకోండి. విండోస్ తెరుచుకుంటుంటే, మీరు చేసిన రీస్టోర్ పాయింట్‌కు వెళితే సరిపోతుంది. తెరుచుకోకపోతే కంగారుపడి ఎవరినో పిలిచి ఫార్మాట్ చేయించకండి. విండోస్ వరసగా కొన్నిసార్లు లేవలేకపోతే ఆటోమేటిక్ రిపేర్ స్క్రీన్ వస్తుంది. రాకపోతే, విండోస్ గుర్తు కనిపించగానే పవర్ బటన్ పట్టి ఉంచి ఆపేయండి, రెండు మూడుసార్లు అలా చేస్తే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రీస్టోర్. మీరు పెట్టిన పేరు అక్కడ కనిపిస్తుంది. మీ విండోస్‌లో కీబోర్డు, మౌస్ ఆగిపోయినా ఈ స్క్రీన్‌లో పనిచేస్తాయి, ఎందుకంటే అది తన సొంత రిజిస్ట్రీతో నడుస్తుంది.

ఇక వీడియో కింద ఇచ్చిన ఫైలు. అలాంటి ఫైలు లోపల ఉండేది మామూలు టెక్స్టే. డబుల్ క్లిక్ చేస్తే అది రిజిస్ట్రీలోకి ఎక్కుతుంది. చూడాలనుకుంటే రైట్ క్లిక్ చేసి ఎడిట్ నొక్కండి, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. చదరపు బ్రాకెట్లలో ఉన్నది చోటు, దాని కింద ఉన్నది మార్చబోయే పేరు, అంకె. మీ పనికి బ్రాకెట్ ఒక్కటి, దాని కింద స్టార్ట్ అన్న లైను ఒక్కటి ఉంటే చాలు. బ్రాకెట్ లోపల మొదట్లోనే మైనస్ గుర్తు ఉంటే ఆ చోటు మొత్తాన్ని తుడిచేస్తుందని అర్థం. దారి చివర రన్ అని ఉంటే, కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ ఏదో ప్రోగ్రాం మొదలయ్యేలా పెడుతున్నారని. విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్ పేరు ఎక్కడైనా కనిపిస్తే ఆ ఫైలును అప్పుడే తీసిపారేయండి. ఒక్క అంకె మార్చడానికి తెలియనివాళ్ల ఫైలు అవసరం మీకు లేదు.

పెన్‌డ్రైవ్ తెరుచుకోవడం మొదలయ్యాక మీకు కొత్త బాధ్యత వస్తుంది. ఊళ్లో అందరి పెన్‌డ్రైవ్‌లూ మీ కంప్యూటర్ మీదికే వస్తాయి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ డీటీపీ సెంటర్లలో మీరు చూసే ఉంటారు. ఆఫీసువాళ్లు వేసిన తలుపు మీరు తీస్తున్నారు కాబట్టి కాపలా మీరే పెట్టుకోవాలి. ప్రతి పెన్‌డ్రైవ్‌నూ తెరిచే ముందు రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే తెరుచుకునేలా చేసే ఆటోప్లేను ఆపేయండి. దీనికి కూడా రిజిస్ట్రీలో 255 అని పెట్టమనే వీడియోలు ఉన్నాయి. ఆ బాక్సు మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే మన పదుల లెక్కకు బదులు పదహారుల లెక్కలో ఉంటుంది. అందులో 255 అని కొడితే అది 597 అవుతుంది. డెసిమల్‌కు (మన పదుల లెక్కకు) మార్చి 255 కొట్టాలి, లేదా హెక్సాలోనే ఎఫ్ఎఫ్ అని కొట్టాలి. మీరు ఇందాక పెట్టిన 3 రెండు పద్ధతుల్లోనూ 3 కాబట్టి ఈ చిక్కు రాలేదు. అసలు ఆటోప్లే ఆపడానికి రిజిస్ట్రీ దాకా వెళ్లనవసరమే లేదు. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైజెస్ కింద ఆటోప్లే అని ఉంది, అక్కడ ఒక స్విచ్ ఆపితే అయిపోతుంది. సెట్టింగ్స్‌లో స్విచ్ ఉన్న దేనికీ రిజిస్ట్రీ తెరవకండి.

రిజిస్ట్రీ క్లీనర్ మాటకొస్తే, వద్దు. తీసేసిన ప్రోగ్రాంల పేర్లు కొన్ని అందులో మిగిలిపోతాయన్నది నిజమే. కానీ విండోస్ తనకు కావలసిన పేరును నేరుగా వెతుక్కుంటుంది, మొదటి నుంచి చివరిదాకా చదువుతూ కూర్చోదు. కొన్ని వందల పనికిరాని పేర్లు తీసేసినా మీకు తేడా తెలియదు. పైగా ఆ క్లీనర్ ఏది చెత్త అని ఊహించి తీస్తుంది, ఆ ఊహ తప్పితే నష్టపోయేది మీరు. ఇలాంటి క్లీనర్ల వాడకాన్ని తాను సపోర్ట్ చేయనని మైక్రోసాఫ్టే చెప్పింది. మీ కంప్యూటర్ నెమ్మదిగా ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో చూడండి. డిస్కు దగ్గర హెచ్‌డీడీ అని ఉంటే, క్లీనర్‌కు పెట్టే డబ్బు అంతకంటే వేగంగా పనిచేసే డిస్కు ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే 8 చేయించండి. స్టార్టప్ యాప్స్‌లో మీకు అక్కర్లేనివి డిజేబుల్ చేయండి, దానికి ఖర్చు కూడా లేదు.

రీస్టార్ట్ చేశాక కూడా పెన్‌డ్రైవ్ కనిపించకపోతే స్టార్ట్ అంకెను మళ్లీ చూడండి. అది తిరిగి 4 అయి ఉంటే, ఆఫీసు వదిలి వెళ్లిన ఏదో ప్రోగ్రాం దాన్ని వెనక్కి మారుస్తోందని అర్థం. అప్పుడు ఆ అంకెతో కుస్తీ పట్టకుండా కంప్యూటర్‌ను రీసెట్ చేసేయండి. 3 అలాగే ఉండి డ్రైవ్ లెటర్ రాకపోతే, డివైజ్ మేనేజర్‌లో ఇప్పుడు ఏ కోడ్ చూపిస్తోందో రాసి పంపండి. అక్కడి నుంచి చూద్దాం.